విజయ్ సూపర్ వేడెక్కితే జామ్ అవుతోంది, పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

దేవరకొండ_సూపర్
అందరికీ నమస్తే. చాలా రోజులుగా మీరు రాసేవి చదువుతున్నాను గాని నేను రాయడం ఇదే మొదటిసారి. మా నాయిన 1983లో కొన్న విజయ్ సూపర్ స్కూటర్ ఇంట్లో ఉంది. ఆయన పోయి నాలుగేళ్లు, బండి అప్పటి నుంచి పశువుల కొట్టంలో గోనెపట్టా కింద పడి ఉంది. మొన్న సంక్రాంతికి బయటికి తీసి, ట్యాంకు కడిగించి, టైర్లు మార్పించి స్టార్ట్ చేశాం. నాలుగు కిక్కులకు లేచింది, మా అమ్మ ఆ చప్పుడు విని లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది. అక్కడి దాకా బాగానే ఉంది.

కొండమల్లేపల్లి దాటి పది పదిహేను కిలోమీటర్లు పోగానే ఇంజిన్ వేడెక్కి లాగడం మానేస్తుంది, ఒక్కోసారి చక్రం టక్కున పట్టేస్తుంది. అరగంట చెట్టు కింద ఆపితే మళ్లీ మామూలే. ఇక్కడి మెకానిక్ రీబోరు చేయాలన్నాడు, అంటే సిలిండరు లోపలి గోడ చెక్కి కాస్త పెద్దది చేయడం, చేయించాను, కొత్త పిస్టన్ వేశాడు. రెండు నెలలు తిరగకముందే మళ్లీ జామ్. ఇప్పుడు క్రాంక్ (పిస్టన్ తిప్పే లోపలి ఇరుసు) మార్చాలంటున్నాడు. ఇది ఇటలీ వాళ్ల పాత స్కూటర్ లాంబ్రెట్టా ఇంజినే కాబట్టి అక్కడి నుంచి ఒరిజినల్ పార్టులు తెప్పిస్తే శాశ్వతంగా పరిష్కారం అవుతుందా? ఎవరైనా తెప్పించారా? ఖర్చు ఎంతవుతుందో అని టెన్షన్‌గా ఉంది, చెప్పండి.

చేతక్_ఒక్కటే (సూర్యాపేట)
పరిష్కారం చాలా సులభం అన్నా. అమ్మేసి చేతక్ కొనుక్కో. పార్టులు కిరాణా కొట్టులో కూడా దొరుకుతాయి.

పాలమూరు_లాంబీ (మహబూబ్‌నగర్)
చేతక్‌కు పార్టులు దొరుకుతాయి, నిజమే, స్టార్ట్ చేసేముందు దాన్ని ఒక పక్కకు వంచి బతిమాలే ఓపిక మాత్రం ఎక్కడా దొరకదు. దేవరకొండ సార్, ఈయన మాట పట్టించుకోకండి. ప్రతి చర్చలోనూ ఇదే రాస్తాడు.

లేత్_కాక (మిర్యాలగూడ)
పార్టుల సంగతి తర్వాత. ముందు రోగం ఏందో చూడాలి. మూడు అడుగుతాను, మూడింటికీ జవాబు రాయి.

ఒకటి, జామ్ అయినప్పుడు ప్లగ్గు తీసి చూశావా, ఏ రంగులో ఉంది? రెండు, బండి వేడెక్కినాక యాక్సిలేటర్ వదిలినా ఇంజిన్ దానంతట అదే రయ్యిమని ఎగురుతుందా? మూడు, హెడ్డు, అంటే సిలిండరు పైమూత, దాని మీద రేకు తొడుగు ఉందా?

దేవరకొండ_సూపర్
కాకా, ప్లగ్గు తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంది. ఎగరడం అంటే, అవును, రోడ్డు మీద గేటు పడి ఆగినప్పుడు యాక్సిలేటర్ పూర్తిగా వదిలినా ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, నేను కేబుల్ ఇరుక్కుంది అనుకున్నాను. మూడోది నాకు అర్థం కాలేదు. రేకు తొడుగు ఏది? ఇంజిన్ మీద ఏమీ లేదు, ఫిన్స్ బయటికే కనిపిస్తున్నాయి.

పాలమూరు_లాంబీ (మహబూబ్‌నగర్)
అయ్యో, ఫిన్స్ బయటికి కనిపిస్తున్నాయా! సగం కథ అక్కడే ఉంది.

మోటార్‌సైకిల్ ఇంజిన్ గాలికి ఎదురుగా ఉంటుంది కాబట్టి బండి పోతుంటే చల్లబడుతుంది. స్కూటర్ ఇంజిన్ సైడ్ ప్యానెళ్ల వెనక దాక్కుని ఉంటుంది, దానికి ఎదురు గాలి తగలదు. అందుకే మాగ్నెట్‌కే రెక్కలు పెట్టారు. మాగ్నెట్ తిరిగితే అదే ఫ్యాన్. ఆ గాలిని సిలిండరు చుట్టూ, హెడ్డు మీదుగా తిప్పి అవతలికి పంపేది ఆ రేకు తొడుగే. అది లేకపోతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది గాని గాలి సిలిండరుకు తగలకుండా పక్కలకు పోతుంది. విసనకర్ర పట్టుకుని గోడకు విసిరినట్టు. మెకానిక్కులు రీబోరుకు విప్పినప్పుడు రేకు తీసి పక్కన పెడతారు, మళ్లీ బిగించడానికి నాలుగు స్క్రూలు, బద్ధకం, వదిలేస్తారు. నేను ఇప్పటికి చూసిన విజయ్ సూపర్లలో సగానికి పైగా రేకు లేకుండానే తిరుగుతున్నాయి.

పోయి ఆ షెడ్డులో అడగండి సార్, అక్కడే ఉంటుంది.

లేత్_కాక (మిర్యాలగూడ)
రేకు ఒక్కటే కాదు. తెల్ల ప్లగ్గు, యాక్సిలేటర్ వదిలినా ఎగరడం, ఈ రెండూ కలిసి వస్తే ఎక్కడో గాలి పీలుస్తుంది. కార్బరేటర్ కాకుండా దొంగ దారిలో గాలి పోతే పెట్రోల్ పలచబడుతుంది, పెట్రోల్‌తో పాటే కదా ఆయిల్ కూడా వచ్చేది, అది కూడా పలచబడుతుంది, పిస్టన్ ఎండిపోయి పట్టేస్తుంది. నా అనుమానం మాగ్నెట్ వైపు ఆయిల్ సీలు. నాలుగేళ్లు పశువుల కొట్టంలో ఉంటే రబ్బరు గట్టిపడి ఉంటుంది.

క్లచ్ వైపు సీలు పోతే వేరే లక్షణం. అటు గేర్ ఆయిల్ ఉంటుంది, దాన్ని లోపలికి లాగి కాలుస్తుంది, తెల్ల పొగ గుప్పుగుప్పున వస్తుంది, గేర్ ఆయిల్ తగ్గుతుంది. నీది అది కాదు.

పరీక్ష చేసుకో. సైలెన్సర్ తీసి ఆ రంధ్రానికి, కార్బరేటర్ తీసి ఆ రంధ్రానికి పాత ట్యూబు ముక్క కత్తిరించి పెట్టి పైన పట్టీ వేసి బిగించు. ఒకదానికి ట్యూబు వాల్వు పెట్టి సైకిల్ పంపుతో గాలి కొట్టు. నాలుగైదు పీఎస్ఐ చాలు, బలం ఉంది కదా అని కొడితే బాగున్న సీలు కూడా ఎగిరిపోతుంది. మాగ్నెట్‌ను పుల్లర్ (బయటికి లాగే పనిముట్టు) పెట్టి తీసి సీలు చుట్టూ సబ్బు నురుగు రాయి. బుడగ వస్తే దొరికినట్టే. సిలిండరు కింద గ్యాస్కెట్ దగ్గర, హెడ్డు దగ్గర కూడా రాయి. మాగ్నెట్‌ను సుత్తితో కొట్టి తీయొద్దు, పుల్లర్ లేకపోతే నా దగ్గరికి రా, నేను ఇస్తా.

నకిరేకల్_పోరడు
కాకా మీరు యూట్యూబ్ చానెల్ పెట్టాలి.

లేత్_కాక (మిర్యాలగూడ)
కళ్లద్దాలు లేనిదే నాకు ఫోన్ కనపడదు. మా మనవడు టైపు కొడుతున్నాడు, నేను చెబుతున్నాను.

వనపర్తి_పుష్పక్
దేవరకొండ సార్, క్రాంక్ మార్చాలన్న మాట విని వెంటనే డబ్బు పెట్టకండి, నా కథ వినండి. నాది ఆల్విన్ పుష్పక్. మన హైదరాబాద్ పేరు మీద వచ్చిన బండే గాని లోపలి ఇంజిన్ లక్నోదే, అంటే మీ విజయ్ సూపర్ ఇంజినే. కర్ణాటక వాళ్లు ఫాల్కన్ అని అమ్మింది కూడా ఆ ఇంజినే. కాబట్టి పార్టులు వెతికేటప్పుడు విజయ్ సూపర్ అని ఒక్క పేరే పట్టుకుని తిరగొద్దు, పుష్పక్, ఫాల్కన్, లాంబ్రెట్టా జీపీ, ఇన్ని పేర్లతో అడగాలి. అంగట్లో కూర్చున్న కుర్రాడికి విజయ్ సూపర్ అంటే తెలియదు, జీపీ అంటే గోదాములోకి పోయి తెస్తాడు.

సరే కథ. నా క్రాంక్ రాడ్ ఊగుతోందని ఆన్‌లైన్‌లో "లాంబ్రెట్టా 150 క్రాంక్" అని చూసి ఆర్డర్ పెట్టాను. వారంలో వచ్చింది, తళతళ మెరిసిపోతోంది. ఇంజిన్ అంతా బిగించాక మాగ్నెట్ పెడితే లొడలొడ. ఏమైందయ్యా అంటే లాంబ్రెట్టాలో పాత మోడల్ లీ సిరీస్ క్రాంక్‌కు మాగ్నెట్ కూర్చునే టేపర్, అంటే ఏటవాలు కొస, సన్నగా ఉంటుంది, తర్వాతి మోడల్ జీపీకి లావుగా ఉంటుంది, మనవి జీపీ రకమే. పంపినోడిని అడిగితే "లాంబ్రెట్టా అనే కదా మీరు రాసింది" అన్నాడు. వాపసు తీసుకోలేదు. ఆ క్రాంక్ ఇప్పుడు మా ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాం.

చివరికి నా పాత క్రాంక్‌కే కొత్త కనెక్టింగ్ రాడ్, పిన్ను, బేరింగ్ కిట్ తెచ్చి ప్రెస్సులో పెట్టించి ట్రూయింగ్ (వంకర లేకుండా సరిచేయడం) చేయించాను. మూడేళ్లయింది, ఇంతవరకు చప్పుడు లేదు.

పాలమూరు_లాంబీ (మహబూబ్‌నగర్)
వనపర్తి అన్న చెప్పింది బంగారం. ఆ తలుపు అడ్డం క్రాంక్ నాకు ఇస్తావా? నాది లీ 150 సిరీస్ 2, బొంబాయిలో లాంబ్రెట్టాలు చేసిన ఏపీఐ కంపెనీది. దానికి సన్నదే కావాలి. మెసేజ్ పెడుతున్నా చూడు.

వనపర్తి_పుష్పక్
మా ఆవిడను అడిగి చెబుతా. తలుపు సంగతి ఉంది కదా.

నకిరేకల్_పోరడు
అన్నలూ, నాకొక డౌట్. ఇది లక్నోలో చేసిన బండి కదా, మీరంతా ఇటాలియన్ ఇటాలియన్ అంటారెందుకు? నేను కూడా ఒకటి కొందామని చూస్తున్నా, అందుకే అడుగుతున్నా.

పాలమూరు_లాంబీ (మహబూబ్‌నగర్)
మిలాన్‌లో లాంబ్రాటే అనే పేట ఉంది. అక్కడ ఇనోచెంటి అనే పెద్దమనిషికి ఫ్యాక్టరీ, ఆయన ఇనుప గొట్టాల మనిషి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక 1947లో స్కూటర్లు మొదలుపెట్టాడు, ఆ పేట పేరే బండికి వచ్చింది. గొట్టాల మనిషి కాబట్టి ఛాసిస్ కూడా గొట్టమే పెట్టాడు, వెస్పా వాళ్లు (చేతక్ ఆ వెస్పా నుంచి వచ్చిందే) రేకునే ఒళ్లుగా వంచారు. ఇంజిన్ కూడా నడి మధ్యలో ఉంటుంది, అందుకే లాంబ్రెట్టా మీద చెయ్యి వదిలినా ఒక పక్కకు లాగదు. చేతక్ సోదరులు చదువుతున్నారనుకుంటా.

1971లో అక్కడ స్కూటర్లు ఆపేశారు. మన ప్రభుత్వం 1972లో స్కూటర్స్ ఇండియా పెట్టి ఆ మిషన్లు, డైలు అన్నీ కొని ఓడల్లో తెచ్చి లక్నోలో దించింది. 1975 నుంచి బండ్లు బయటికొచ్చాయి. ఇక్కడ విజయ్ పేరుతో అమ్మారు, విదేశాలకు లాంబ్రెట్టా అనే పంపారు. అంటే మన విజయ్ సూపర్ ఇటలీ బండికి నకలు కాదు, ఇటలీ డైలలోంచే పుట్టింది. 1997 దాకా చేశారు. 2021లో కంపెనీనే మూసేయాలని కేంద్రం నిర్ణయించింది.

మన లూనా కూడా ఇటలీ పియాజియో కంపెనీ వాళ్ల చావో మోపెడ్ లైసెన్సుతో వచ్చిందే, 1972లో. పేరు మార్చి మంచి పని చేశారు. చావో అని ఉంటే మన తెలుగు దేశంలో ఎవడు ఎక్కుతాడు దాని మీద.

చేతక్_ఒక్కటే (సూర్యాపేట)
చావో 😂 మా అత్తగారు లూనా మీదే ముప్పై ఏళ్లు తిరిగింది, చెప్పకండి ఆమెకు.

దేవరకొండ_సూపర్
కాకా, పరీక్ష చేశాం! మా పిల్లల సైకిల్ పంపుతోనే. రెండోసారి కొట్టేసరికి మాగ్నెట్ వెనక నుంచి బుడగలు, పాలు పొంగినట్టు పొంగాయి. సిలిండరు కింద గ్యాస్కెట్ దగ్గర కూడా సన్నగా ఒకటి రెండు. మెకానిక్ కూడా పక్కనే నిలబడి చూశాడు, "ఇట్ల కూడా చూస్తారా" అన్నాడు, పాపం మంచోడే, ఎవరూ నేర్పలేదు అంతే.

ఇక రేకు. పాలమూరు సార్ చెప్పినట్టే షెడ్డుకు పోయి అడిగాను. తెలియదన్నాడు. అక్కడే కూర్చుని టీ తాగుతూ చూస్తే ఆయన నట్లు బోల్టులు వేసుకునే గిన్నె ఏదో వింత ఆకారంలో ఉంది. బోర్లిస్తే అదే మన హెడ్డు రేకు. ఇన్నాళ్లుగా నట్ల గిన్నె చేసుకున్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. సిలిండరు పక్క రేకు మాత్రం దొరకలేదు.

ఇప్పుడు సీలు కావాలి, పక్క రేకు కావాలి. ఎక్కడ?

లేత్_కాక (మిర్యాలగూడ)
పక్క రేకు కొనొద్దు. పాలమూరు సారును ఆయన బండి రేకు అట్టముక్క మీద గీసి పంపమను, టింకరింగ్ వాళ్లతో కొట్టిద్దాం. అయితే ఆయనది సిరీస్ 2, కొలతలు నీ సిలిండరు మీద పెట్టి చూసుకోవాలి.

సీలుకు స్కూటర్ పేరు చెప్పి కొనకు. పాత సీలు మీద మూడు అంకెలు ఉంటాయి, లోపలి కొలత, బయటి కొలత, మందం. అరిగిపోతే వెర్నియర్ పెట్టి కొలువు, షాఫ్టును కొలువు, సీటును కొలువు. ఆ మూడు అంకెలు పట్టుకుని బేరింగుల దుకాణానికి పో. రబ్బరు మాత్రం వైటాన్ అడుగు, గోధుమ రంగులో ఉంటుంది ఎక్కువగా. నల్లది చవక గాని వేడికి, ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలుకు తొందరగా గట్టిపడుతుంది.

మాగ్నెట్ తీశావు కాబట్టి చెయ్యి పెట్టి క్రాంక్‌ను పైకి కిందికి ఊపి చూడు. ఆడితే బేరింగులు కూడా మార్చు. క్లచ్ వైపుది 6305 నంబరు బేరింగు, దాని మీద సీ3 అని రాసి ఉన్నదే తీసుకో. సీ3 అంటే లోపల గోలీలకు కొంచెం వదులు ఎక్కువ, వేడికి సాగినా పట్టేయదు. మామూలు 6305 ఫ్యాన్‌కు, మోటారుకు వేస్తారు, చవకగా వస్తుంది, దానికి ఆశపడొద్దు.

నల్లమల_రౌండ్ (అచ్చంపేట)
దుకాణాల సంగతి నేను చెబుతా, నేను మూడేళ్లుగా అదే పని మీద తిరుగుతున్నా. బేరింగులు, సీళ్లు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో. స్కూటర్ పార్టులు హైదరాబాద్ పుత్లీబౌలిలో, అక్కడ పాత దుకాణాల్లో పెద్దవాళ్లు కూర్చున్న చోట అడగండి, కంప్యూటర్ ఉన్న చోట "స్టాక్ లేదు" అని వస్తుంది, పెద్దాయన అటక ఎక్కి తెస్తాడు. గురువారం ఖాళీ ఉంటే జుమ్మేరాత్ బజార్ పోండి, నాకు ఒకసారి అక్కడ విజయ్ సూపర్ హ్యాండిల్ లాక్ తాళంతో సహా దొరికింది, ఎవరి ఇంటిదో ఏమో. పెద్ద సామాను, ఇంజిన్ కేసులు, ఫోర్కులు అయితే చెన్నై పుదుపేట. కొత్తగా తయారయ్యేవి ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి వస్తాయి, ఇందులో మంచివీ ఉన్నాయి, రేకు డబ్బాలూ ఉన్నాయి.

నల్గొండ, పాలమూరు టౌన్లలో ఏమీ దొరకదు అనుకోకండి. టైరు ట్యూబు చేతక్‌దే, 3.50-10, ఎక్కడైనా దొరుకుతుంది. కేబుళ్ల లోపలి తీగ చేతక్‌దో ఆటోదో తెచ్చి కొలతకు కత్తిరించి చివర బుడిపె అతికించుకోవచ్చు. హారన్, బల్బు, ప్లగ్గు అన్నీ మామూలే. ప్లగ్గు కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకుని మర పొడుగు సరిచూసుకోండి, పొడుగు మర ప్లగ్గు పెడితే పిస్టన్‌కు తగులుతుంది.

పాలమూరు_లాంబీ (మహబూబ్‌నగర్)
ఇటలీ నుంచి తెప్పించడం గురించి అడిగారు కదా సార్. దొరుకుతాయి, లేక కాదు. మిలాన్ దగ్గర రొడానోలో లాంబ్రెట్టా మ్యూజియం ఉంది, కాసా లాంబ్రెట్టా వాళ్లు పాత డ్రాయింగుల ప్రకారం పార్టులు చేయించి అమ్ముతారు. ఇంగ్లండులో అయితే ఈ బండ్ల పిచ్చోళ్లు మనకన్నా ఎక్కువ. నేను ఒకసారి అక్కడి ఒక దుకాణం నుంచి ఫోర్క్ బుష్‌లు, రబ్బర్లు తెప్పించాను. పార్టుల ధర ఒకటి, పోస్టేజీ ఒకటి, కస్టమ్స్ ఒకటి, మూడూ కలిపేసరికి మా ఇంట్లో నెల సరుకులంత అయింది. కవర్ విప్పి చూస్తే లోపల చీటీ మీద ఏముందో తెలుసా, మేడ్ ఇన్ ఇండియా. మన దగ్గరి నుంచే సముద్రం దాటి పోయి మళ్లీ నా దగ్గరికి వచ్చాయి, నాకన్నా ఎక్కువ దేశాలు చూశాయి.

నా లెక్క ఇది. లోపల తిరిగేవి, అంటే పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, చైను, వీటికి డబ్బు పెట్టండి, అవసరమైతే బయటి నుంచి తెప్పించండి. రేకు, రబ్బరు, బేరింగు, సీలు ఇక్కడే. ఒరిజినల్ బ్యాడ్జి కోసం మాత్రం ఎంతైనా పెడతాను, అది వేరే జబ్బు.

లేత్_కాక (మిర్యాలగూడ)
రీబోరు గురించి ఒక మాట. పిస్టన్ చేతికి వచ్చాకే బోరు కొట్టించాలి, ముందు బోరు కొట్టించి తర్వాత సైజు పిస్టన్ వెతికితే దొరికిన దాంతో సర్దుకుంటారు. మూలం బోరు 57 మిల్లీమీటర్లు, దాని మీద ఓవర్‌సైజులు ఉంటాయి. ప్రతి పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి దానికి తగిన వదులు ఇచ్చి కొట్టాలి, డబ్బా మీద రాసింది నమ్మి కాదు. బోరు అయ్యాక పోర్టుల (సిలిండరు గోడలోని రంధ్రాల) అంచులు గీకి నున్నగా చేయాలి, లేకుంటే రింగు అక్కడ తట్టుకుని విరుగుతుంది. నీ సిలిండరు రెండుసార్లు జామ్ అయింది కాబట్టి తీసుకురా, చూస్తా. గీతలు పైపైన ఉంటే హోనింగ్‌తో, అంటే రాయితో లోపల రుద్ది నున్నగా చేస్తే, పోతుంది. మళ్లీ బోరు అక్కర్లేదు.

దేవరకొండ_సూపర్
ఆదివారం వస్తాను కాకా. ఆయిల్ ఎంత కలపాలి? నాయిన లీటరుకు ఒక మూత పోసేవాడు, ఆ మూత ఏ డబ్బాదో తెలియదు.

వనపర్తి_పుష్పక్
టూ-టీ ఆయిల్ లీటరుకు 20 మిల్లీలీటర్లు, అంటే 2 శాతం. కొత్త పిస్టన్ వేశారు కాబట్టి మొదటి 500 కిలోమీటర్లు 30 మిల్లీలీటర్ల దాకా పోయండి, వేగం నలభై దాటించకండి. పాలమూరు అన్న బండి లాంటి పాత వాటికి, పిస్టన్ పిన్ను దగ్గర కంచు బుష్ ఉన్న వాటికి 4 శాతం చెప్పేవాళ్లు. ఎక్కువ పోస్తే మంచిదే కదా అని గుప్పించొద్దు, సైలెన్సర్ మసితో మూసుకుపోతుంది. గేర్ ఆయిల్ వేరే, 90 నంబరు, 700 మిల్లీలీటర్లు. క్లచ్ కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి ఈపీ అని రాసి ఉన్నది వద్దు, క్లచ్ జారుతుంది.

వారం పైన బండి తీయకపోతే పెట్రోల్ ట్యాప్ కట్టేసి కార్బరేటర్ ఖాళీ అయ్యేదాకా నడిపి ఆపండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమ పీల్చుకుంటుంది, నిలవ ఉంటే అడుగున నీరు దిగుతుంది, ట్యాంకు తుప్పు పడుతుంది.

నల్లమల_రౌండ్ (అచ్చంపేట)
ఒకటి మరిచిపోయాను, ఇది ప్రాణం సంగతి. మన రిమ్ము రెండు ముక్కలు, కలిపి బోల్టులు వేసి ఉంటుంది. చక్రాన్ని బండికి పట్టించే నట్లు వేరు, రిమ్ము రెండు సగాలను కలిపే నట్లు వేరు. పంక్చర్ అని డిండి దగ్గర ఒక కుర్రాడికి ఇస్తే గాలి ఉండగానే రెండో రకం నట్లు విప్పబోయాడు. నేను టీ గ్లాసు పడేసి పరుగెత్తాను. అవి ఊడితే రిమ్ము ముక్క ముఖం మీదికే వస్తుంది. వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం దించాకే పానా పెట్టాలి. మీ బండి ఎవరికి ఇచ్చినా ముందు ఇది చెప్పండి.

నకిరేకల్_పోరడు
అన్నలూ ఆర్‌సీ సంగతి? నేను చూసిన బండికి పాత ఏపీ నంబరు ఉంది, కాగితాలు చివరిసారి 2004లో రెన్యూవల్. 50 ఏళ్లు దాటితే వింటేజ్ అని ఏదో ఉందట కదా?

పాలమూరు_లాంబీ (మహబూబ్‌నగర్)
ఉంది, 2021లో రూల్ వచ్చింది. 50 ఏళ్లు దాటి, మార్పులు చేయకుండా ఉన్న బండికి వీఏ అని ప్రత్యేక నంబరు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు. కానీ రోజూ తిరగడానికి కాదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు అలాంటి వాటికే. మన దేవరకొండ సార్ బండి 1983ది, 2033 దాకా ఆగాలి. మామూలుగా తిరగాలంటే ఐదేళ్లకోసారి రెన్యూవల్, గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, అంతే. 2004 నుంచి కట్టలేదంటే జరిమానా లెక్క ముందే ఆఫీసులో అడిగి అప్పుడు బేరం ఆడు తమ్ముడూ. ఛాసిస్ నంబరు తుడిచి ఆర్‌సీతో సరిపోల్చకుండా ఒక్క రూపాయి ఇవ్వకు.

దేవరకొండ_సూపర్
నెల రోజులు రాయలేదు, క్షమించండి, పరీక్షల పేపర్లు దిద్దే పని.

మిర్యాలగూడ పోయాను. కాక సిలిండరు చేత్తో తడిమి "హోనింగ్ చాలు" అన్నారు, రింగులు మాత్రం కొత్తవి వేశాం. సీళ్లు రెండూ, బేరింగు రాణిగంజ్ నుంచి తెచ్చాను, పాలమూరు సార్ పంపిన అట్టముక్క ప్రకారం పక్క రేకు కొట్టించాం, ఒక చోట మాత్రం కొంచెం కత్తిరించాల్సి వచ్చింది. మొత్తం ఖర్చు మెకానిక్ క్రాంక్‌కు చెప్పిన దాంట్లో మూడో వంతు కూడా కాలేదు. కాక లేబర్ తీసుకోలేదు, బత్తాయిలు ఇచ్చి వచ్చాను.

నిన్న పొద్దున దేవరకొండ నుంచి నల్గొండ క్లాక్ టవర్ దాకా పోయి వచ్చాను, ఎండలోనే, ఎక్కడా ఆగలేదు. కావాలని కొండమల్లేపల్లి దాటాక ఎప్పుడూ ఆపే ఆ వేప చెట్టు దగ్గర ఒక నిమిషం ఆపి యాక్సిలేటర్ వదిలాను. ఇంజిన్ టుకుటుకు అని దిగింది, ఎగరలేదు. ఇంటికొచ్చి ప్లగ్గు తీస్తే కాఫీ పొడి రంగు. సాయంత్రం మా అమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఊళ్లో ఒక చుట్టు తిప్పాను. "మీ నాయిన ఇంత మెల్లగా తోలేటోడు కాదు" అంది. ఇంకా 500 కిలోమీటర్లు కాలేదమ్మా అంటే ఆమెకు అర్థం కాలేదు.

లేత్_కాక (మిర్యాలగూడ)
మంచిది. 500 అయినాక హెడ్డు నట్లు చల్లారినప్పుడు ఒకసారి బిగించు, ఎదురెదురుగా, ఒకే పక్కన వరసగా కాదు. బత్తాయిలు తియ్యగున్నాయి.

వనపర్తి_పుష్పక్
పాలమూరు అన్నా, మా ఆవిడ ఒప్పుకుంది. తలుపుకు వేరే అడ్డం దొరికింది. క్రాంక్ ఆర్టీసీ కార్గోలో వేస్తాను, బస్టాండులో తీసుకో.

చేతక్_ఒక్కటే (సూర్యాపేట)
ఎవరూ నవ్వొద్దు ముందే చెబుతున్నా. మా మేనమామ వాళ్ల కోళ్ల షెడ్డులో ఒక పాత స్కూటర్ ఉంది, నిన్న శుభ్రం చేస్తుంటే సైడు మీద లాంబీ అని కనిపించింది. ఇంజిన్ తిరగడం లేదు, పట్టేసింది. తెచ్చి ఇంటి ముందు పెట్టాను. దీనికి పార్టులు ఎక్కడ దొరుకుతాయి?

లేత్_కాక (మిర్యాలగూడ)
ముందు మాగ్నెట్ టేపర్ కొలిచి పెట్టు.